బెత్తెడు మట్టి

మా ఇంటి వెనక కొండ మీద మట్టి లేదని అందరూ అంటారు. తప్పు. మట్టి ఉంది. బెత్తెడు ఉంది. కొన్నిచోట్ల బెత్తెడుకి కాస్త తక్కువ, రాళ్ళ సందుల్లో జానెడు, మా ప్రహరీ గోడ దాకా దిగి వచ్చేసరికి మోకాలి లోతు. తక్కువ ఉన్నదాన్ని అసలు లేదనడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. లెక్కల టీచరుగా పనిచేసినన్నాళ్ళూ కొత్త క్లాసుకి వెళ్ళిన మొదటి రోజు చెప్పిన సంగతి ఇదే, కొంచెం అంటే సున్నా కాదు అని. పిల్లలకి చెప్పగలిగాను. పెద్దవాళ్ళకి చెప్పడం మాత్రం ఇవాల్టికీ చేతకాలేదు. తేదీలు, కొలతలు రాసిపెట్టుకునే అలవాటు నాది. ఇది రాస్తున్నప్పుడు వాటి జోలికి పోవడం లేదు. అవన్నీ సరిగ్గా ఉన్నా నా మాట ఎవరూ వినలేదన్నదే ఇక్కడ సంగతి.

మాది బెజవాడ గుణదల. కొండకి ఆనుకుని ఉన్న ఆఖరి వరస ఇళ్ళలో ఒకటి. మొన్న వేసవిలో మా కాలనీ సంఘం ప్రెసిడెంటు ప్రసాద్ గారు వచ్చి, మజ్జిగ తాగి, సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మ చూపించారు. అందులో మా కొండ వాలంతా పచ్చటి తివాచీలా ఉంది. మధ్యలో ఎర్రపూల మొక్కలతో కాలనీ పేరు. "రాళ్ళన్నీ మిషనుతో తీయించేసి, రెండడుగుల మందాన నల్లమట్టి పరిచి, లాన్ వేద్దామండీ టీచర్ గారూ. మన వరసంతా ఊటీలాగా ఉంటది," అన్నారు. నా దగ్గరకి రావడానికి కారణం ఉంది. మా ఇంటి వెనక పెద్ద బండ దాకా ఉన్న వాలు మా నాన్నగారు కొన్నది. అది నాది. పైగా ట్రాక్టరు కొండ మొదట్లోకి వెళ్ళడానికి అనువైన దారి మా పక్కగేటు లోంచే. నేను గేటు తీయాలి, రాళ్ళు తీయనివ్వాలి. ఆ మట్టి ఎక్కడిదని అడిగాను. "మా వైపుదేనండీ. గుడివాడ అవతల చేపల చెరువులు తవ్వుతున్నారు కదా, పైమట్టి ఎవరు తీసుకెళ్ళినా చాలంటున్నారు. బంగారం లాంటి మట్టండీ. పిడికిట్లో పట్టుకుంటే ముద్దయిపోద్ది," అని పిడికిలి బిగించి చూపించారు. ఆ పిడికిలి దగ్గర నాకు ప్రసాద్ గారు కనపడటం మానేశారు. మా నాయనమ్మ కనపడింది. ఆలోచించి చెబుతానని ఆయన్ని పంపించేసి, పనిమనిషి చేత అటక మీద నుంచి మా అమ్మ పలుగు దింపించాను.

అది మామూలు గడ్డపలుగు కాదు. మూరన్నర పొడుగు, ఒక ఆడమనిషి కూర్చుని ఒంటిచేత్తో వాడుకునేది. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. కాపురానికి వెళ్ళే కూతురికి పళ్ళెమో చెంబో ఇస్తారు, నీకు పలుగు ఇచ్చారేంటే అని నాయనమ్మ జీవితాంతం ఎత్తిపొడుస్తూనే ఉంది. నడుమ అమ్మ చెయ్యి పట్టిన మేర నున్నగా అయిపోయింది. మొన మొద్దుబారి బొటనవేలిలా ఉంది. అటక మీద ఇన్నేళ్ళున్నా తుప్పు పైపైనే పట్టింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇనుము వాసనకి ఒకదాని వెనక ఒకటిగా ఎన్ని వాసనలు వచ్చాయో చెప్పలేను. మధ్యాహ్నపు ఎండకి కాలిన రాళ్ళ వాసన, వాటి మీద తొలకరి చినుకు పడ్డప్పుడు లేచే ఆవిరి, బియ్యం డబ్బాలో మగ్గుతున్న సీతాఫలాలు, నాయనమ్మ తలంటుకునే రేగడి మట్టి.

నాయనమ్మది పామర్రు దగ్గర పల్లె. కాలవ గట్టున పుట్టి, మరో కాలవ గట్టున ఉన్న ఊరికే కోడలిగా వెళ్ళిన మనిషి. ఆవిడ ఎరిగిన భూమి బల్లపరుపుగా ఉంటుంది, నల్లగా ఉంటుంది, గునపం దిగినంత మేరా మట్టే ఉంటుంది. తాతయ్య పోయాక నాన్నగారు ఆవిడని బెజవాడ తీసుకొచ్చారు. నాన్నగారు కాలవల ఆఫీసులో గుమాస్తా. ఊళ్ళో స్థలం దొరక్క కొండ పక్కన ఇల్లు కట్టుకున్నారు. అప్పట్లో అక్కడికి ఎవరూ వచ్చేవారు కాదు. రిక్షావాడు సగం దారిలో దింపేసి పోయేవాడు. నాయనమ్మ మొదటిసారి పెరట్లోకి వెళ్ళి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఒరే అబ్బాయ్, ఇదేం నేలరా, రోడ్డేసేవాళ్ళు కంకర పోసి మర్చిపోయినట్టుంది," అంది. నాన్నగారు నవ్వి ఊరుకున్నారు. అమ్మ నవ్వలేదు.

అమ్మది తిరువూరు పైన ఒక మెట్ట ఊరు. కాలవ నీళ్ళు ఎక్కని నేలని మా వైపు మెట్ట అంటారు. డెల్టా వాళ్ళు ఆ మాట అనే తీరులోనే ఆ మనుషుల మీద ఒక అంచనా ఉంటుంది. నాయనమ్మకి అమ్మ మీద కోపం వస్తే పేరు పెట్టి పిలిచేది కాదు, మెట్ట పిల్ల అనేది. చారులో ఉప్పు తగ్గితే మెట్ట చారు. జడ బిగించి వేస్తే మెట్ట జడ. అమ్మ పుట్టింటి నుంచి కందులు వస్తే మాత్రం ఆ పప్పు వేరే గిన్నెలో తన కోసం తీసి పెట్టించుకునేది. కొండ పక్క ఇంట్లో అమ్మకి కొత్తగా అనిపించనిది ఆ వెనక వాలు ఒక్కటే. మాకు కంకర కుప్పలా కనపడేది ఆవిడకి పుట్టింటి పెరడులా కనపడేది.

ఆ వాలు ఎలా ఉండేదో చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. పైన అంతా రాళ్ళు. నిమ్మకాయంత, కోడిగుడ్డంత, అక్కడక్కడ కొబ్బరికాయంత, అన్నీ కోసుగా, తుప్పు రంగులో. వాటి కింద బెత్తెడు ఎర్రమట్టి. అది కూడా ఒట్టి మట్టి కాదు, సగం పలుకురాళ్ళే. దాని కింద పుచ్చిన రాయి, గోటితో గీకితే పొడి రాలేది. దాని కింద అసలు రాయి. బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే బురద కాదు, చప్పుడు చేసుకుంటూ లోపలికి పోతాయి, కాసేపటికి పైన తడి గుర్తు కూడా ఉండదు. నాయనమ్మ దృష్టిలో అదే దాని అవలక్షణం. తడి మట్టి నా చేతిలో పెట్టి, "పిసుకు," అనేది. పిసికితే ఉండ కట్టేది కాదు, వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలిపోయేది. "చూశావా. మన ఊరి మట్టయితే బొమ్మ చేసుకోవచ్చు," అనేది. ఆవిడ తలంటుకోవడానికి బాబాయి ఊరి నుంచి గోనెసంచిలో రేగడి గడ్డలు తెచ్చేవాడు. వాటిని కుండలో నానేస్తే ఇల్లంతా కాలవ గట్టు వాసన. పొయ్యి అలకడానికి అదే, గాదె పూయడానికి అదే. ఆ సంచీ వచ్చిన రోజు నాయనమ్మ ముఖం పుట్టింటి వాళ్ళు వచ్చినట్టుండేది.

అమ్మ ఏం చేసేదంటే, నాయనమ్మ నిద్రపోయే వేళ మమ్మల్ని, అంటే నన్నూ చెల్లినీ, వాలు మీదికి తీసుకెళ్ళి పలుగు మొన ఒక రాయి కింద పెట్టి మెల్లగా ఎత్తేది. చెయ్యి పెట్టొద్దు, తేలు ఉంటుంది అనేది ముందే. రోహిణి కార్తె ఎండలో, పక్కన చెప్పుల్లేకుండా అడుగు వేయలేని నేల మీద, ఆ రాయి కింద మట్టి చల్లగా, ముదురు రంగులో, చెమ్మగా ఉండేది. దారాల్లాంటి తెల్లటి వేళ్ళు రాయి అడుగున వల అల్లినట్టుండేవి. ఎప్పుడూ ఒక జెర్రి పరుగెత్తేది. "ఇదీ ఈ నేల దుప్పటి. దుప్పటి లాగేస్తే ఎండ దీన్ని తినేస్తుంది, వాన దీన్ని మోసుకుపోతుంది," అనేది. మరి నాయనమ్మ చెప్పినట్టు ఉండ కట్టదేం అని నేను అడిగాను. "ఉండ కట్టే మట్టికి నీళ్ళు పట్టుకోవడం తెలుసమ్మా, వదలడం తెలీదు. బల్లపరుపు నేలకి అది బానే ఉంటుంది. ఏటవాలులో వదలడం తెలియాలి." ఇంత చెప్పి, ఎత్తిన రాయిని మళ్ళీ అదే గుంటలో, అదే ముఖం కిందికి ఉండేలా పెట్టేది. అది ఆవిడ నియమం. ఎత్తింది ఎత్తినట్టే పెట్టాలి. మేము హడావిడిగా తిరగేసి పెడితే వెనక్కి పిలిచి సరిచేయించేది. బడిలో లెక్క తప్పితే కూడా అంత పట్టుబట్టేది కాదు.

నాయనమ్మ మనసులో పెట్టుకున్నది ఒక శీతాకాలంలో బయటపడింది. ఊళ్ళో మన పొలం ఉంది, మట్టి మనది, బళ్ళు మనవి, నా కొడుకు పిల్లలు కొనుక్కున్న కూర తినడం ఏంటి అంది. వెనక వాలంతా రాళ్ళు ఏరించి, ఊరి మట్టి తెప్పించి పోయిస్తే బెండ, వంగ, ఆనప, నాలుగు అరటి పిలకలు వేసుకోవచ్చు అంది. నాన్నగారికి తల్లి మాట తీసేసే అలవాటు లేదు. అదీ గాక ఆయనా అక్కడివాడే. మట్టంటే నల్లగా ఉండాలని ఆయన ఎముకల్లోనూ ఉంది. పీటల మీద కూర్చుని భోజనాలు చేస్తున్నప్పుడు ఈ మాట జరిగింది. అమ్మ మజ్జిగ వడ్డిస్తూ, "అత్తయ్యా, ఆ రాళ్ళు తీస్తే ఉన్న మట్టి నిలవదు. పైన పోసిందీ నిలవదు. వాలు కదా," అంది. నాయనమ్మ తల ఎత్తకుండానే, "చుట్టుపక్కల పది ఊళ్ళకి అన్నం పెట్టిన మట్టి అది. దాని సంగతి మెట్ట పిల్ల నాకు చెబుతోందిరా," అంది. నాన్నగారు విస్తట్లోకి చూస్తూ, "పోన్లే సుభద్రా, అమ్మ సరదా," అన్నారు. అమ్మ మళ్ళీ మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. ఒక్కసారి చెప్పి ఊరుకోవడం ఏమిటి. నేనైతే పీట మీంచి లేచి ఆ పలుగు తెచ్చి మధ్యలో పెట్టేదాన్ని.

బళ్ళు వచ్చిన రోజులు పండగలా గడిచాయి. ఎద్దుల మెడల్లో గంటలు, మట్టి కింద గడ్డి పరుపు, నాయనమ్మ అరుగు మీద నిలబడి బండి దిగిన ప్రతి గంపనీ చేత్తో తాకి చూడటం. రాళ్ళు ఏరినవాళ్ళు వాటిని వీధిలో కుప్ప పోస్తే, రోడ్డు పని వాళ్ళు సంతోషంగా పట్టుకుపోయారు. నున్నగా, నల్లగా, కొత్తగా అలికిన అరుగులా తయారైంది మా వాలు. నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు బాగానే కాసింది. వంకాయలు నిగనిగలాడేవి. ఆనప పాదు పందిరి పట్టక నేల మీదే పాకింది. నాయనమ్మ ప్రతి కాయా అమ్మకి చూపించి, "ఏమంటావ్," అనేది. అమ్మ, "బావున్నాయి అత్తయ్యా," అనేది. తరవాత ఎండలు ముదిరాయి. నీళ్ళు వీధి పంపు నుంచి మోయాలి. మోసింది అమ్మ. ఎంత పోసినా రేగడి నెర్రెలు విచ్చింది, నా చెయ్యి మణికట్టు దాకా దూరేంత. నెర్రెల అడుగున పాత ఎర్రటి గరుసు నేల కనిపించేది, ఇంట్లో ఎవరూ పలకరించని మనిషి కిటికీ లోంచి చూస్తున్నట్టు.

మొదటి పెద్దవాన మధ్యాహ్నం పూట పడింది. మేము మధ్యగదిలో ఉన్నాం. వెనక నుంచి చప్పుడేమీ కాలేదు. అదే విచిత్రం. వంటింటి తలుపు తనంతట తాను తెరుచుకుంది, తడిసిన పరుపుని ఎవరో మెల్లగా లోపలికి నెడుతున్నట్టు నల్లటి బురద గడప దాటింది. నీళ్ళు నెర్రెల్లోంచి కిందికి దిగి గరుసు మీద పారాయి. పైనున్న మట్టి ముద్దంతా వాటి మీద జారుకుంటూ వచ్చేసింది. పొయ్యి మునిగింది, పప్పు డబ్బాలు తేలాయి. బురదతో పాటు ఆనప పాదు తీగ తెగకుండా వంటింట్లోకి వచ్చి కూర్చుంది, మొన్న నాయనమ్మ చూపించిన కాయ దానికి అలాగే ఉంది. చెల్లికి నవ్వు ఆగలేదు. నాయనమ్మ మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, ఆ కాయ వంక చాలాసేపు చూసింది. ఇప్పుడైనా ఒప్పుకుంటుందని నేను ఎదురుచూశాను. "పాపిష్టి కొండ. బంగారం లాంటి మట్టిని నిలబెట్టుకోలేకపోయింది," అంది. మట్టిది తప్పు కాదు, పోయించినవాళ్ళది కాదు, కొండది. నాన్నగారు గొడుగు పట్టుకుని పెరట్లో నిలబడి, "వాన మరీ ఎక్కువ పడిందమ్మా," అన్నారు. తట్టతో బురద ఎత్తిపోసింది అమ్మ.

ఆ బురదతో పాటు కింద ఉన్న బెత్తెడు ఎర్రమట్టి కూడా చాలా మేర పోయింది. కప్పిన రాళ్ళు లేవు కదా. వాలు మీద చోట్ల చోట్ల ఒట్టి రాయి తేలింది, చర్మం లేచిన మోకాలులా. అమ్మ దాన్ని అలా వదల్లేదు. సాయంత్రం గిన్నెలు తోమడం అయ్యాక పలుగు పట్టుకుని వెళ్ళి, కొండ పై నుంచి రాళ్ళు తెచ్చి వాలుకి అడ్డంగా వరసలు పేర్చేది. పెద్దవి కింద, చిన్నవి వెనక, వాటి వెనక ఎండుగడ్డి. పై నుంచి వాన తెచ్చే మట్టి ఆ వరస దగ్గర ఆగేది, చిటికెడు చిటికెడుగా. అది ఒక ఏడాది పని కాదు. నేను పెద్దపిల్లనయ్యాను, కాలేజీకి వెళ్ళాను, ఉద్యోగంలో చేరాను, అమ్మ ఇంకా సాయంత్రాలు పలుగు పట్టుకుని వెళ్ళేది. మొక్కలంటూ ప్రత్యేకంగా నాటలేదు. సీతాఫలం తిన్నప్పుడు గింజలు వరస వెనక ఉమ్మమనేది. మాకు అదొక ఆట. వెంపలి దానంతట అది వచ్చింది, తంగేడు వచ్చింది, బలుసు వచ్చింది. సీతాఫలాలు మెల్లగా, ఎవరినీ నీళ్ళు అడగకుండా, రాతి చీలికల్లోకి వేళ్ళు దింపుకుని లేచాయి. పిడికిలంత కాయలు, బజారు కాయలో సగం కూడా ఉండవు. తీపి మాత్రం గొంతు పట్టేసేంత.

నాయనమ్మకి పళ్ళు పోయాక ఆవిడ ఇష్టంగా తిన్నది ఆ సీతాఫలాలే. బియ్యం డబ్బాలో మగ్గినవి అమ్మ గింజలు తీసి గిన్నెలో పెట్టి ఇచ్చేది. "ఊరి నుంచి వచ్చాయా," అని అడిగేది నాయనమ్మ. అమ్మ, "తినండి అత్తయ్యా," అనేది. అవునని అనలేదు, కాదని అనలేదు. "మన వైపు కాయ రుచే వేరు," అనేది నాయనమ్మ చెంచా నాకుతూ. నేను నోరు తెరవబోతే అమ్మ నా వంక చూసేది. ఆ కాయలు మా వెనక వాలువేనని పోయేదాకా ఆవిడకి తెలియలేదు. ఎందుకు చెప్పనివ్వలేదని ఒకసారి గట్టిగానే అడిగాను. "తింటోందిగా," అంది అమ్మ. ఆ జవాబు నాకు అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు.

ఇంత కథ వెనక ఉంది కాబట్టి, ప్రసాద్ గారు మళ్ళీ వచ్చినప్పుడు నేను అమ్మలా ఊరుకోకూడదనుకున్నాను. ఆయన్ని వెనక్కి తీసుకెళ్ళి, పలుగు చేతికిచ్చి, ఎక్కడైనా సరే దింపి చూడమన్నాను. ఆయన ఉత్సాహంగా పొడిచారు. బెత్తెడు దిగి ఖంగుమంది. పక్కన పొడిచారు, అదే చప్పుడు. నేను చెప్పదలుచుకున్నది ఆ చప్పుడే. అడుగున నున్నటి రాయి ఉంది, దాని మీద అంటుకునే బరువైన మట్టి పోస్తే తడిసినప్పుడు జారక ఏం చేస్తుంది. ఇంకా నోరు తెరవలేదు, ఆయన చేతులు దులుపుకుంటూ, "చూశారా టీచర్ గారూ, మీరే చూపించారు. అసలు మట్టే లేదు. అందుకే కదా మనం తెస్తోంది," అన్నారు. లెక్కంతా సరిగ్గా చేసి జవాబు తలకిందులుగా రాసే పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ళ పలకల మీద గీత కొట్టే అధికారం నాకుండేది. మా వంటింట్లోకి వచ్చిన ఆనప పాదు సంగతి మొత్తం చెప్పాను. ఆయన మర్యాదగా విన్నారు. "మాదీ వ్యవసాయ కుటుంబమేనండీ. అప్పట్లో మిషన్లు లేవు కదా, సరిగ్గా తొక్కించి ఉండరు," అన్నారు. గేటు తీయనన్నాను. మా బండ దాకా ఒక్క రాయి కదపనివ్వనన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది, కోపం మాత్రం చూపించలేదు. "మీ ఇష్టం టీచర్ గారూ. అవతల నుంచి చేస్తాం," అన్నారు.

అవతల నుంచే చేశారు. ఆ చివర గోడ పడగొట్టి దారి చేసుకున్నారు. నాయనమ్మ రోజుల్లో గడ్డి పరుపు మీద వచ్చిన మట్టి ఇప్పుడు టిప్పర్లలో వచ్చి, అవి తోక ఎత్తగానే ఒక్క కుమ్ముడులో పడింది. నాయనమ్మ చేసింది తప్పే. కానీ ఆవిడకి ఆ మట్టి పుట్టిల్లు, దాన్ని వదిలి ఉండలేక తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఊళ్ళకే అది అక్కర్లేదు. దాన్ని తవ్వి పారేస్తే తప్ప చెరువుకి లోతు రాదు. పది ఊళ్ళకి అన్నం పెట్టిన మట్టిని అక్కడ చెత్తగా ఎత్తి, ఇక్కడ అలంకారంగా పోశారు. పక్కింటి జ్యోతి బ్యాంకులో పనిచేస్తుంది, మంచిపిల్ల. మేడ మీద నుంచి, "ఆంటీ, మా వైపు ఊటీ, మీ వైపు ఎడారి. ఫోటోలో గీత గీసినట్టుంది," అని నవ్వింది. గీత గీసినట్టే ఉంది. అమ్మ పేర్చిన రాళ్ళ వరసల చివర ఆ పచ్చదనం ఆగిపోయింది.

వానలు మొదలయ్యాక రెండో పెద్దవానకి ఆ పచ్చటి తివాచీ మడతలు పడింది, జారింది, కాలనీ పేరులో సగం అక్షరాలతో సహా జ్యోతి వాళ్ళ పార్కింగ్‌లోకి, ఆ అవతల మూడిళ్ళ వంటిళ్ళలోకి వచ్చింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. నేను సంతోషించలేదు. సంతోషించానని కాలనీలో అనుకుంటున్నారని తెలుసు. మా వాలు మీంచి వచ్చిన నీళ్ళు ప్రహరీ తూముల్లోంచి తేరుకుని పోయాయి, టీ రంగు కూడా లేదు. జ్యోతి మోకాళ్ళ దాకా బురదతో గోడ దగ్గరికి వచ్చి, "మీ వైపు ఏం రాలేదేంటి ఆంటీ," అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. మా అమ్మనీ అడగలేదు. గొంతు సవరించుకున్నాను, రాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. సగంలో ఆమె ఫోన్ మోగింది. ఇన్సూరెన్సు వాళ్ళు. "ఒక్క నిమిషం ఆంటీ," అని వెళ్ళింది. తిరిగి రాలేదు. రాలేదని తప్పుపట్టను, ఆమె ఇల్లంతా బురద.

మొన్న ప్రసాద్ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి బొమ్మలో కొండ వాలు బూడిద రంగులో ఉంది. ఇనప వల బిగించి, మీద సిమెంటు కొట్టించేస్తారట, మొత్తం వరసకి. "ఈ కొండే మంచిది కాదండీ. అంత మంచి మట్టి పోసినా నిలబెట్టుకోలేదు. దీంతో మనకెందుకు, ఒకేసారి కప్పెట్టేద్దాం. మీ ముక్క ఒక్కటీ వదిలేస్తే ఆ సందులోంచి నీళ్ళు దిగుతాయంట, ఇంజినీరు చెప్పాడు," అన్నారు. మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్న నాయనమ్మ మాటే, కాస్త మర్యాద కలిపి. నీళ్ళు దిగడానికే అది ఉంది బాబూ అన్నాను. ఆయనకి అది ఒప్పుకోలులా వినపడింది కాబోలు, తల ఊపారు. మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళాను. నాకు ఇంకో దారి తెలియదు. పలుగుతో ఒక రాయి ఎత్తమన్నాను. ఎత్తారు. వారం రోజులుగా వాన లేదు, పైన నేల పొడిగా కరకరలాడుతోంది. రాయి కింద చెమ్మ, తెల్లటి వేళ్ళ వల. "అరె, తడుందే," అన్నారు. కాసేపు నిజంగానే చూశారు. వంగి వేలితో తాకి చూశారు కూడా. నాలో ఆశ లేచింది. అంతలో చేతి గడియారం చూసుకుని, "సరే టీచర్ గారూ, సంఘంలో మాట్లాడతాం. సోమవారం ఇంజినీరు వస్తాడు, గేటు మాత్రం కొంచెం తీసి ఉంచండి," అన్నారు.

గేటు తీసి ఉంచను. తాళంచెవి నా మొలలో ఉంది, ఇంజినీరు వచ్చినా సంఘమంతా వచ్చినా అక్కడే ఉంటుంది. అమ్మ ఒక్కసారి చెప్పి ఊరుకుంది, నేను పదిసార్లు చెప్పాను. మా ఇద్దరి మాటా ఎవరూ వినలేదు. తేడా అల్లా అమ్మ చేతిలో గేటు లేదు, నా చేతిలో ఉంది. ప్రసాద్ గారు వెళ్ళిపోయాక చూస్తే, ఆయన ఎత్తిన రాయి తిరగబడి పక్కన పడి ఉంది. తడి ముఖం పైకి ఉంది, దానికి అంటుకున్న వేళ్ళు అప్పటికే ఎండకి వడిలిపోతున్నాయి. నాకు మోకాళ్ళు వంగవు. పలుగు ఊతం పెట్టుకుని, తిట్టుకుంటూ, ఒక చెయ్యి నేలకి ఆనించి కూర్చున్నాను. రాయిని దాని గుంట దగ్గరికి జరిపాను. మొదటిసారి సరిగ్గా కుదరలేదు, కొద్దిగా వంకరగా కూర్చుంది. మళ్ళీ ఎత్తి, తడి ముఖం కిందికి వచ్చేలా, ఉన్నట్టుగా పెట్టాను.